నారింజ ట్యాంకు నుంచి ఆకుపచ్చ ట్యాంకుకి: క్రోమ్ ప్లేటింగ్‌లో విషాన్ని తగ్గించే దారి

క్రోమ్ ప్లేటింగ్ షాపులో మొదటిసారి అడుగుపెట్టిన వాళ్ళకి ముందు కనిపించేది ముదురు నారింజ రంగు ట్యాంకు. కరెంటు పెట్టగానే దాని మీద సన్నని తుంపర లేస్తుంది. గొంతులో మంట, ముక్కులో దురద. రోజూ అక్కడే నిలబడే వాళ్ళకి అది అలవాటైపోతుంది. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

ముందుగా ఒక అపోహ పోవాలి. కుళాయి మీద మెరిసే క్రోమ్ పూత విషం కాదు. అది లోహరూపంలో ఉన్న క్రోమియం. విషమంతా ఆ పూత వేసే ట్యాంకులో ఉంటుంది. పాత పద్ధతి ద్రావణంలో లీటరుకి సుమారు 250 గ్రాముల క్రోమిక్ ఆమ్లం, 2.5 గ్రాముల సల్ఫ్యూరిక్ ఆమ్లం ఉంటాయి. అందులోని క్రోమియం హెక్సావాలెంట్, అంటే ఆరు ఎలక్ట్రాన్‌లు పోగొట్టుకున్న రూపం. మనం పంపే కరెంటులో 10 నుంచి 20 శాతమే పూతగా మారుతుంది. మిగతాది దాదాపు అంతా నీటిని విడగొట్టి హైడ్రోజన్ బుడగలు పుట్టిస్తుంది. పైకొచ్చి పగిలే ప్రతి బుడగా కాస్త ఆమ్లాన్ని గాలిలోకి చిమ్ముతుంది. ఏళ్ళ తరబడి దాన్ని పీల్చిన వాళ్ళలో ముక్కు మధ్య గోడకి రంధ్రం పడటం, చేతుల మీద మానని పుళ్ళు రావడం, ఊపిరితిత్తుల క్యాన్సర్ బాగా తెలిసిన సంగతులే. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ హెక్సావాలెంట్ క్రోమియాన్ని మొదటి గ్రూపులో, అంటే మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని తేలిన వాటిలో పెట్టింది.

అందుకే ఐరోపా సమాఖ్యలో 2017 సెప్టెంబర్ 21 తర్వాత ప్రత్యేక అనుమతి లేకుండా క్రోమియం ట్రయాక్సైడ్, అంటే నీళ్ళలో కలిపితే క్రోమిక్ ఆమ్లమయ్యే పదార్థం, వాడటానికి వీల్లేదు. కాలిఫోర్నియా రాష్ట్రం ఈ పద్ధతిని దశలవారీగా ఆపెయ్యాలని 2023లో నిర్ణయించింది. అరుగుదల తట్టుకోవడానికి మందంగా వేసే హార్డ్ క్రోమ్‌కి కూడా 2039 గడువు పెట్టింది.

దీనికి బదులుగా ఉన్నది ట్రైవాలెంట్, అంటే మూడు ఎలక్ట్రాన్‌లు మాత్రమే తక్కువున్న క్రోమియం. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. బున్సెన్ 1854లోనే క్రోమియం క్లోరైడ్ నుంచి కరెంటుతో క్రోమియం తీశాడు. షాపుల్లో పనికొచ్చే ద్రావణాలు మాత్రం 1970ల్లో గానీ రాలేదు. ఇప్పుడవి బాగానే కుదురుకున్నాయి.

అయితే కొత్త కెమికల్ కొని ట్యాంకులో పోసినంత మాత్రాన పని పూర్తి కాదు. ముందు తలుపు నుంచి పంపేసిన హెక్సావాలెంట్ దొడ్డిదారిన తిరిగొస్తుంది. తప్పుడు యానోడ్ (ట్యాంకులో కరెంటు పాజిటివ్ వైపు వేలాడే పలక) నుంచి, పాత పూత తీసే చోటు నుంచి, ఆఖరికి వ్యర్థజలంలో పోసే బ్లీచింగ్ నుంచి కూడా. ఒక్కో మెట్టు దగ్గర ఆ దొడ్డిదారి ఎక్కడుందో చెప్తూ వెళ్తాను.

1. అసలు మీకు ఏ క్రోమ్ కావాలి?

క్రోమ్ అనే ఒకే మాట కింద రెండు వేరు వేరు పనులు నడుస్తున్నాయి. ఒకటి మెరుపు కోసం వేసే డెకరేటివ్ క్రోమ్. దాని మందం చాలావరకు 0.25 నుంచి 0.5 మైక్రాన్లే. తుప్పు పట్టకుండా ఆపేది నిజానికి దాని కింద 10 నుంచి 30 మైక్రాన్లు ఉండే నికెల్ పొర. క్రోమ్ దాని మీద మసకబారని, గీతలు పడని ముఖం మాత్రమే. రెండోది హార్డ్ క్రోమ్. హైడ్రాలిక్ రాడ్లు, రోలర్ల మీద పదుల నుంచి వందల మైక్రాన్ల మందం, అరుగుదల తట్టుకోవడానికి.

డెకరేటివ్ పనైతే ట్రైవాలెంట్‌కి మారడానికి అడ్డేమీ లేదని నా అభిప్రాయం. హార్డ్ క్రోమ్ కథ వేరు, దాని సంగతి చివర్లో.

2. క్లోరైడా, సల్ఫేటా?

మార్కెట్లో దొరికే ట్రైవాలెంట్ ద్రావణాలు ప్రధానంగా ఈ రెండు కుటుంబాలవి.

క్లోరైడ్ రకంలో లీటరుకి సుమారు 20 గ్రాముల క్రోమియం ఉంటుంది. పీహెచ్ 2.5 నుంచి 3 మధ్య, వేడి 25 నుంచి 35 డిగ్రీల సెల్సియస్. పూత వేగంగా పడుతుంది, యానోడ్‌లుగా గ్రాఫైట్ వాడతారు. రంగు కాస్త ముదురు. ద్రావణం చుట్టుపక్కల ఇనుప సామాన్లని తినేస్తుంది.

సల్ఫేట్ రకంలో క్రోమియం లీటరుకి 5 నుంచి 10 గ్రాములే. పీహెచ్ 3.5 దగ్గర్లో, వేడి 50 నుంచి 60 డిగ్రీలు. నెమ్మదిగా పడుతుంది. రంగు మాత్రం పాత క్రోమ్ నీలి మెరుపుకి బాగా దగ్గర. దీనికి ఇరిడియం, టాంటలం ఆక్సైడ్లు పూసిన టైటానియం యానోడ్‌లు కావాలి, అవి ఖరీదు.

పాత ట్యాంకులో లీటరుకి దాదాపు 130 గ్రాముల క్రోమియం ఉండేది. ఇప్పుడు 20 గానీ, 10 గానీ. వస్తువుతో పాటు కారిపోయే ద్రావణంలో కూడా ఆ మేరకే తక్కువ క్రోమియం పోతుంది. పర్యావరణానికి జరిగే మేలులో సగం ఇక్కడే అయిపోయింది.

కొత్తగా మొదలుపెట్టే చిన్న షాపుకి నేనైతే సల్ఫేటే చెప్తాను. రంగు విషయంలో కస్టమర్‌తో గొడవ తక్కువ, ట్యాంకు దగ్గర క్లోరిన్ వాసన భయం లేదు. రోజుకి వేల ముక్కలు తియ్యాల్సిన ఆటోమేటిక్ లైన్ అయితే క్లోరైడ్ వేగం పనికొస్తుంది. ఏది కొన్నా తయారీదారు ఇచ్చే డేటా షీట్‌లోని అంకెలే ప్రమాణం. నేనిచ్చినవి ఒక అంచనా కోసం.

కొనే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: తడి పెంచే కెమికల్‌లో ఫ్లోరిన్ ఉందా? పాత ట్యాంకుల మీద తుంపర ఆపడానికి వాడిన పీఎఫ్ఓఎస్ అనే ఫ్లోరిన్ రసాయనం ప్రకృతిలో విరిగిపోదు. స్టాక్‌హోమ్ ఒప్పందం 2009లోనే దాన్ని నియంత్రిత జాబితాలో చేర్చింది. దాని బంధువులు ఇంకా మార్కెట్లో ఉన్నాయి. ఫ్లోరిన్ లేని రకం అడిగి తీసుకోండి.

3. ట్యాంకు, యానోడ్‌లు

పాత క్రోమ్ ట్యాంకునే కడిగి వాడేద్దామనే ఆలోచన అందరికీ వస్తుంది. సీసం లైనింగ్ ఉన్న ట్యాంకైతే ఆ ఆలోచన వదిలెయ్యండి. పాలీప్రొపిలీన్ ట్యాంకు, లేదా పీవీసీ లైనింగ్ వేసిన స్టీలు ట్యాంకు మంచిది. హీటర్‌కి టెఫ్లాన్ లేదా టైటానియం తొడుగు ఉండాలి.

ఇక యానోడ్‌లు. ఈ వ్యాసంలో ఒక్క పేరానే గుర్తుంచుకుంటానంటే, ఇదే గుర్తుంచుకోండి. పాత పద్ధతిలో సీసం యానోడ్‌లు వాడేవారు. ఎందుకంటే సీసం మీద ఏర్పడే గోధుమరంగు ఆక్సైడ్ పొర, ట్యాంకులో పుట్టే ట్రైవాలెంట్‌ని తిరిగి హెక్సావాలెంట్‌గా మార్చేది. అక్కడ అది గుణం. ట్రైవాలెంట్ ట్యాంకులో అదే గుణం శత్రువు. నేను చూసిన ఒక షాపులో డబ్బు మిగులుతుందని పాత సీసం పలకలే వేలాడదీశారు. కొన్ని రోజులకే ముక్కల లోపలి మూలల్లో పూత పడటం ఆగిపోయింది, నల్ల మచ్చలు మొదలయ్యాయి. కెమికల్ మంచిది కాదని సప్లయర్‌తో గొడవకి దిగారు. తప్పు ఆ పలకలది.

స్టెయిన్‌లెస్ స్టీలు కూడా అంతే. అందులో క్రోమియం ఉంటుంది. యానోడ్‌గా పెడితే అది కరిగి హెక్సావాలెంట్‌గా మారొచ్చు. ఇంటర్నెట్‌లో స్టెయిన్‌లెస్ గరిటె, ఉప్పునీళ్ళు, బ్యాటరీ ఛార్జర్‌తో ఇంట్లో క్రోమ్ చేసే వీడియోలు కనిపిస్తుంటాయి. నీళ్ళు పసుపు పచ్చగా మారాయంటే అక్కడ తయారైంది సరిగ్గా మనం తప్పించుకోవాలనుకుంటున్న విషమే. పైగా ఉప్పులోంచి క్లోరిన్ వాయువు. దయచేసి చెయ్యకండి.

ఒక మెచ్చుకోవాల్సిన సంగతి: ట్రైవాలెంట్ ట్యాంకు హెక్సావాలెంట్‌ని సహించదు. కొద్దిగా చేరినా పూత చెడిపోయి మనకి చెప్పేస్తుంది.

4. గాలి, గ్లవ్స్

ట్రైవాలెంట్‌లో కూడా కరెంటంతా పూతకి పోదు. బుడగలు వస్తాయి, తుంపర లేస్తుంది. అందులో ఉన్నది మాత్రం మూడో గ్రూపు పదార్థం, అంటే క్యాన్సర్ తెస్తుందని చెప్పడానికి ఆధారాలు చాలనిది. అలాగని ఎగ్జాస్ట్ పీకెయ్యకండి. ట్యాంకు అంచు దగ్గరే గాలి లాగే ఏర్పాటు ఉండాలి, మనిషి ముఖం మీదుగా పైకి లాగే ఫ్యాన్ కాదు. పక్కనున్న నికెల్ ట్యాంకు సంగతీ మర్చిపోవద్దు. నికెల్ తుంపర ఊపిరితిత్తులకి హాని చేస్తుంది, నికెల్ నీళ్ళు చర్మానికి ఎలర్జీ తెస్తాయి. చాలా ద్రావణాల్లో ఉండే బోరిక్ ఆమ్లం సంతాన సామర్థ్యానికి హాని చేసే పదార్థాల జాబితాలో ఉంది, కాబట్టి పొడి పోసేటప్పుడు మాస్కు తప్పదు. రసాయనాలు తట్టుకునే పొడవాటి గ్లవ్స్, ఫేస్ షీల్డ్, ఆప్రాన్, రబ్బరు బూట్లు మామూలే.

5. ముక్కని సిద్ధం చెయ్యడం

ట్రైవాలెంట్ పొర పల్చన, కింద ఉన్న లోపాన్ని దాచదు. బఫింగ్ గీత ఉంటే గీతే కనిపిస్తుంది.

వరుస మామూలుగా ఇలా: నూనె, బఫింగ్ మైనం పోయేలా వేడి క్షార ద్రావణంలో నానబెట్టడం, తర్వాత కరెంటుతో క్లీనింగ్, కడగడం, పల్చని ఆమ్లంలో ముంచడం, మళ్ళీ కడగడం. శుభ్రమైందో లేదో తెలుసుకోవడానికి పరికరాలు అక్కర్లేదు. ముక్కని నీళ్ళలోంచి తీస్తే నీటి పొర అరనిమిషం పాటు విరగకుండా నిలవాలి. చుక్కలుగా విడిపోతే జిడ్డు ఇంకా ఉన్నట్టే.

జింక్ పోతముక్కలకి ముందు రాగి పొర కావాలి. పాత షాపుల్లో దీనికి సైనైడ్ రాగి వాడతారు. ఆమ్లం అందులో పడితే ప్రాణాంతకమైన హైడ్రోజన్ సైనైడ్ వాయువు పుడుతుంది. సైనైడ్ లేని క్షార రాగి ద్రావణాలు ఇప్పుడున్నాయి. క్రోమ్ మార్చే ఖర్చు పెడుతున్నప్పుడే ఇదీ మార్చేస్తే మంచిది. ప్లాస్టిక్ మీద క్రోమ్ వేసే వాళ్ళకి ఇంకో దొడ్డిదారి ఉంది. ఏబీఎస్ ప్లాస్టిక్‌ని గరుకు చెయ్యడానికి వాడే ద్రావణం క్రోమిక్ ఆమ్లమే. దానికి బదులు పర్మాంగనేట్ ఆధారంగా పనిచేసే ఎచ్‌లు, అంటే గరుకు చేసే ద్రావణాలు, వచ్చాయి. అవి వాడకుండా చివరి ట్యాంకు ఒక్కటే మార్చి ‘మాది హెక్సావాలెంట్ లేని ప్లేటింగ్’ అని చెప్పుకోవడం నిజాయితీ కాదు.

పాత క్రోమ్ ఉన్న ముక్కని మళ్ళీ చెయ్యాలంటే ఆ పూత తియ్యాలి. కాస్టిక్ సోడాలో రివర్స్ కరెంటు పెట్టి తీస్తే క్రోమియం పసుపు రంగు క్రోమేట్‌గా, అంటే హెక్సావాలెంట్‌గా దిగుతుంది. పల్చని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగిస్తే ఆకుపచ్చ ట్రైవాలెంట్‌గా దిగుతుంది. పొగ వస్తుంది కాబట్టి ఎగ్జాస్ట్ కింద చెయ్యాలి. గట్టిపరిచిన స్టీలుకి ఈ ఆమ్లం వాడొద్దు, హైడ్రోజన్ లోపలికి చేరి ముక్క పెళుసుబారుతుంది.

6. నికెల్ నుంచి క్రోమ్‌కి

నికెల్ ట్యాంకులోంచి తీసిన ముక్క గాలిలో ఆరితే నిమిషాల్లోనే కంటికి కనిపించని ఆక్సైడ్ పొర కట్టుకుంటుంది. దాని మీద క్రోమ్ మసగ్గా, మచ్చలుగా పడుతుంది. ఆరనివ్వకండి. ఆరితే పల్చని సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ముంచి కడిగి వెంటనే దించండి.

ఇక్కడ కడగడానికి బద్ధకించకూడదు. హెక్సావాలెంట్ ట్యాంకు మొరటు మనిషి, కాస్త నికెల్ వచ్చి పడినా భరించేది. ట్రైవాలెంట్ సున్నితం. నికెల్, రాగి, జింక్ లీటరుకి మిల్లీగ్రాముల లెక్కలో చేరినా ముక్క మీద నల్ల చారలు, తెల్లటి మసక వస్తాయి. కనీసం రెండు సార్లు శుభ్రమైన నీళ్ళలో, చివరిది అయాన్‌లు తీసిన నీటిలో కడగాలి.

7. పూత వెయ్యడం

క్లోరైడ్‌లో చదరపు డెసిమీటరుకి సుమారు 10 ఆంపియర్లు, సల్ఫేట్‌లో 4 నుంచి 8. క్లోరైడ్‌లో రెండు మూడు నిమిషాలు చాలు. సల్ఫేట్‌లో అంతకు రెట్టింపు దాకా పట్టొచ్చు. నూనె లేని బ్లోయర్ నుంచి సన్నని గాలి వదులుతూ ద్రావణాన్ని కదపండి. కంప్రెసర్ గాలిలో నూనె ఉంటుంది, వద్దు.

పాత పద్ధతిలో మధ్యలో కరెంటు తెగితే పూత తెల్లగా పొరలుగా పాడయ్యేది. ఇక్కడ ఆ భయం చాలా తక్కువ. అంచులు మాడటం తక్కువ, మూలల్లో పూత బాగా పాకుతుంది. ర్యాక్ మీద ఎక్కువ ముక్కలు కట్టొచ్చు. చాలా షాపులకి కెమికల్ ఖరీదు తిరిగి రావడం ఇక్కడి నుంచే మొదలవుతుంది.

ఒక లోటు కూడా చెప్పాలి. గొట్టం లోపల క్రోమ్ పడని చోట, క్రోమిక్ ఆమ్లం స్టీలుని కొంత కాపాడేది. ట్రైవాలెంట్ ఆ పని చెయ్యదు, అక్కడ త్వరగా తుప్పు వస్తుంది. అందుకే చివర్లో హెక్సావాలెంట్ లేని పాసివేషన్ డిప్ (తుప్పు ఆపే ద్రావణంలో ముంచడం) ఒకటి పెట్టుకోవాలి.

రంగు గురించి కస్టమర్‌తో ముందే మాట్లాడండి. పాత క్రోమ్ ముక్కా కొత్త ముక్కా ఒకే వస్తువు మీద పక్కపక్కన ఉంటే తేడా కనిపిస్తుంది. నమూనా ముక్క మీద సంతకం తీసుకుని ఉంచుకుంటే తర్వాత టెన్షన్ ఉండదు.

8. ట్యాంకుని కాపాడుకోవడం

పీహెచ్ రోజుకి రెండు సార్లు కొలవాలి, కాగితంతో కాదు, సరిచూసిన మీటరుతో. ర్యాక్ నుంచి జారి అడుగున పడిన ముక్కని ఆ రోజే తియ్యాలి. ప్లాస్టిక్ కర్రకి కట్టిన మంచి అయస్కాంతం ప్రతి షాపులో ఉండాల్సిన పనిముట్టు. జింక్ ముక్కకి అయస్కాంతం పనిచెయ్యదు కాబట్టి దానికి వల. మర్చిపోయిన ఒక్క ముక్క నెమ్మదిగా కరుగుతూ వారాల తరబడి మచ్చలు తెస్తుంది.

లోహాలు చేరితే పాత రేకుని తక్కువ కరెంటు మీద గంటల తరబడి వేలాడదీసి వాటిని దాని మీదకి లాగొచ్చు. ఎక్కువ పని ఉన్న షాపుకి అయాన్ ఎక్స్చేంజ్ రెజిన్ మేలు. వారానికొకసారి 267 మిల్లీలీటర్ల హల్ సెల్‌లో, అంటే ద్రావణాన్ని పరీక్షించే చిన్న తొట్టిలో, ఒక రేకుకి పూత వేసి, తేదీ రాసి దాచండి. ఆ రేకులు వరుసగా పెట్టి చూస్తే ట్యాంకు ఆరోగ్యం చదివెయ్యొచ్చు.

9. కడిగే నీళ్ళు: చిన్న లెక్క, పెద్ద ఆదా

గంటకి ఒక లీటరు ద్రావణం ముక్కలతో పాటు బయటికొస్తోందనుకుందాం. చివరికి ముక్క మీద ఉండే నీటిలో అది వెయ్యి రెట్లు పలచబడాలి. ఒకే తొట్టిలో కడిగితే గంటకి 1000 లీటర్ల నీళ్ళు కావాలి. రెండు తొట్లు పెట్టి, శుభ్రమైన నీళ్ళు చివరి తొట్టిలోకి వదిలి, అక్కడి నుంచి మొదటి తొట్టిలోకి పారిస్తే దాదాపు 32 లీటర్లు చాలు. మూడు తొట్లయితే 10 లీటర్లు. ఖర్చు రెండు ప్లాస్టిక్ తొట్లు, కొంచెం పైపు.

ముక్కని ట్యాంకు మీదే పది పదిహేను సెకన్లు వంచి పట్టుకుంటే బయటికొచ్చే ఆ లీటరే బాగా తగ్గుతుంది. పీస్ రేటు మీద పనిచేసే వాళ్ళని ఆ పది సెకన్లు ఆగమంటే ఆగరు. ట్యాంకు మీద ఒక కడ్డీ బిగించి, ర్యాక్ దానికి తగిలించి పక్క పని చూసుకునేలా చేస్తే ఆగుతారు.

10. వ్యర్థజలం

ట్రైవాలెంట్ నీళ్ళని పీహెచ్ 8 నుంచి 9కి పెంచితే క్రోమియం హైడ్రాక్సైడ్‌గా అడుగున చేరుతుంది. ఇంకా పెంచితే మళ్ళీ కరగడం మొదలవుతుంది. నికెల్ దిగడానికి మాత్రం పీహెచ్ 10 దాకా కావాలి. అందుకే రెండు నీళ్ళనీ వేరుగా పట్టాలి. ట్రైవాలెంట్ ద్రావణాల్లో క్రోమియాన్ని పట్టి ఉంచే సేంద్రియ ఆమ్లాలు కూడా ఉంటాయి, అవి నికెల్ నీళ్ళలో కలిస్తే దాన్నీ దిగనివ్వవు.

ఇంకో దొడ్డిదారి ఇక్కడే ఉంది. సైనైడ్ నీళ్ళని శుద్ధి చెయ్యడానికి వాడే హైపోక్లోరైట్, అంటే బ్లీచింగ్, ట్రైవాలెంట్‌తో కలిస్తే దాన్ని హెక్సావాలెంట్‌గా మార్చగలదు. క్షార ద్రావణంలో హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా అంతే. ఆ రెండు పైపులూ ఎక్కడా కలవకూడదు.

పాత నారింజ ట్యాంకుని ఖాళీ చేసేటప్పుడు కడిగిన పలచని నీళ్ళని పీహెచ్ 2 నుంచి 2.5 దగ్గర సోడియం మెటాబైసల్ఫైట్‌తో శుద్ధి చేస్తారు. పసుపు పోయి ఆకుపచ్చ వస్తుంది. ఆ పనిలో సల్ఫర్ డయాక్సైడ్ వాయువు వస్తుంది కాబట్టి గాలి ధారాళంగా ఉండాలి. చిక్కటి ద్రావణాన్ని మాత్రం సొంతంగా ముట్టుకోవద్దు. నూనె, స్పిరిట్ తగిలితే అంటుకోగలదు, విపరీతంగా వేడెక్కుతుంది. అనుమతి ఉన్న ప్రమాదకర వ్యర్థాల సంస్థకి అప్పగించాలి. అడుగున చేరిన బురదకీ అదే దారి.

హార్డ్ క్రోమ్ చేసే వాళ్ళకి

మందమైన ట్రైవాలెంట్ పూతలు వస్తున్నాయి గానీ, ప్రతి పనికీ పాతదానితో సమానమని నేను చెప్పలేను. చాలా పనులకి వేరే దారులే మెరుగు. లోపలి రంధ్రాలు, క్లిష్టమైన ఆకారాలు ఉన్న ముక్కలకి కరెంటు అక్కర్లేని ఎలక్ట్రోలెస్ నికెల్-ఫాస్ఫరస్ సమానంగా పడుతుంది. సుమారు 400 డిగ్రీల దగ్గర గంట వేడి చేస్తే దాని గట్టిదనం హార్డ్ క్రోమ్‌కి దగ్గరగా వస్తుంది. పెద్ద రాడ్లు, షాఫ్టుల బయటి ముఖానికి టంగ్‌స్టన్ కార్బైడ్ పొడిని అతివేగంగా చల్లే హెచ్‌వీఓఎఫ్ స్ప్రే ఉంది. విమానాల ల్యాండింగ్ గేర్ మీద కూడా దాన్ని వాడుతున్నారు. చిన్న పనిముట్లు, డైలకి వాక్యూమ్‌లో వేసే క్రోమియం నైట్రైడ్ పూత బాగుంటుంది.

కొన్నాళ్ళు పాత ట్యాంకు తప్పదనుకుంటే ద్రావణం మీద తేలే ప్లాస్టిక్ బంతులు, మూత, తుంపర పట్టే స్క్రబ్బర్ కనీస అవసరాలు.

నిజంగా హెక్సావాలెంట్ పోయిందా?

దీనికి డైఫినైల్‌కార్బజైడ్ పరీక్ష ఉంది. ఆమ్లం కలిపిన నీటి నమూనాలో ఆ కారకం కొన్ని చుక్కలు వేస్తే, హెక్సావాలెంట్ ఉన్నప్పుడు గులాబీ-ఊదా రంగు వస్తుంది. ట్యాంకు ద్రావణం రంగే ముదురు కాబట్టి అందులో నేరుగా చూస్తే తెలియదు. క్రోమ్ తర్వాత మొదటి కడుగు తొట్టిలోని నీటితో చెయ్యండి. మొదటి నెల వారానికి రెండు సార్లు, ఆ తర్వాత వారానికొకసారి. ఊదా రంగు కనిపిస్తే ప్లేటింగ్ ఆపి, ముందుగా యానోడ్‌లు పైకి తీసి వాటి పూత ఎక్కడ లేచిందో చూడండి. తర్వాత ర్యాక్ కొక్కేలు, రబ్బరు తొడుగు కింద ఇరుక్కున్న పాత క్రోమిక్ ఆమ్లం. పాత లైన్‌లో వాడిన ర్యాక్‌లు కొత్త ట్యాంకులోకి తెచ్చుకుంటే ఎక్కువసార్లు దొంగ దొరికేది ఆ తొడుగు కిందే.